రత్నమాలలో తెగిన నాలుక: భండారు అచ్చమాంబ చరిత్ర రచన

భండారు అచ్చమాంబ గురించి మనం ఎప్పుడు మాట్లాడుకున్నా మాట ఒక్క దగ్గరికే వచ్చి ఆగుతోంది. తెలుగులో తొలి కథ ఎవరిది? 1902లో ఆమె రాసిన 'ధనత్రయోదశి'దా, 1910లో గురజాడ రాసిన 'దిద్దుబాటు'దా? ఈ చర్చ అవసరమే. తెలుగు కథకి పుట్టినరోజు నిర్ణయించిన పెద్దలెవరికీ ఆడవాళ్ల పత్రికలు తిరగేసి చూడాలని ఎందుకు తోచలేదో అడగాల్సిందే. స్త్రీవాద విమర్శ ఆ ప్రశ్న అడిగింది, గట్టిగానే అడిగింది. అయితే ఆ చర్చ జరిగినంత సేపూ అచ్చమాంబని గురజాడ పక్కన నిలబెట్టి ఎవరు ముందు, ఎవరు వెనుక అని కొలుస్తూనే ఉన్నాం. కొలబద్ద మాత్రం మనది కాదు. అంతకు ముందు ఆమెని కొమర్రాజు లక్ష్మణరావు అక్కగారని పరిచయం చేసేవాళ్లు. ఇప్పుడు గురజాడ కన్నా ముందు కథ రాసినావిడ అంటున్నాం. రెండు చోట్లా ఆమె పేరుకి ముందు ఒక మగవాడి పేరు నడుస్తూనే ఉంది.

ఆమె మూడు భాగాలుగా తలపెట్టిన పని వేరే ఉంది. అది 'అబలా సచ్చరిత్ర రత్నమాల'. 1901లో మొదటి భాగం అచ్చయింది. ఆ పుస్తకం పేరు మన వ్యాసాల్లో తరచూ కనిపిస్తుంది గానీ దానిలోపల ఏముందో, అది ఏం వాదించిందో, ఎక్కడ ఆగిపోయిందో మాట్లాడుకున్నది తక్కువ. స్త్రీల చరిత్రని ఒక స్త్రీ తెలుగులో రాయడానికి పూనుకున్న ఆ తొలి ప్రయత్నాన్ని గౌరవంగా తలుచుకుని పక్కన పెట్టడం కాకుండా, దానితో వాదన పెట్టుకోవడమే ఆమెకి మనం ఇవ్వగల నిజమైన గౌరవం అని నాకనిపిస్తుంది.

అచ్చమాంబ 1874లో కృష్ణా జిల్లా నందిగామ ప్రాంతంలోని పెనుగంచిప్రోలులో పుట్టింది. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పదేళ్ల వయసులో పెళ్లయింది. భర్త భండారు మాధవరావు ఉద్యోగం మధ్య పరగణాల్లో. అందుకని ఆమె కాపురం నాగపూర్, బిలాస్‌పూర్ వైపు సాగింది. తల్లినీ తమ్ముడినీ అక్కడికే తీసుకెళ్లింది. లక్ష్మణరావు ఆమె కన్నా మూడేళ్లు చిన్న. తమ్ముడు బడికి వెళ్లి చదువుకున్నాడు. అక్క బడి గడప తొక్కకుండా ఇంట్లోనే చదువుకుంది. తెలుగుతో పాటు హిందీ, మరాఠీ, బెంగాలీ, గుజరాతీ, ఇంగ్లీషు, కొంత సంస్కృతం పట్టుబడ్డాయి. కన్న పిల్లలిద్దరూ దక్కలేదు. అనాథ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని సాకింది. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టింది. తర్వాత ఊరూరా తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది. 1905 జనవరిలో ప్లేగు సోకి చనిపోయింది. అప్పటికి ఆమెకి నిండా ముప్పై ఏళ్లు. తమ్ముడు మొదలుపెట్టిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పుట్టింది ఆ తర్వాతి ఏడాది, 1906లో. తెలుగులో చరిత్ర రచనకి అది ఎంత పెద్ద మలుపో అందరూ చెబుతారు. ఆ ఇంట్లో అంతకు అయిదేళ్ల ముందే ఒక చరిత్ర గ్రంథం తయారైందని, రాసింది అక్క అని చెప్పేవాళ్లు అరుదు.

ఈ జీవిత విశేషాలు జాలి కోసం చెప్పడం లేదు. రత్నమాల ఇలా ఎందుకు తయారైందో ఇవే చెబుతాయి. తెలుగు దేశానికి దూరంగా, నాలుగైదు భాషలు చెవిన పడే చోట ఉండటం వల్లే ఆమెకి ఆ పుస్తకం సాధ్యమైంది. బెంగాల్లో, మహారాష్ట్రలో స్త్రీల గురించి అప్పటికే రాతలు వస్తున్నాయి. 1882లోనే తారాబాయి షిండే మరాఠీలో 'స్త్రీ పురుష తులన' అచ్చువేసింది. పండిత రమాబాయి అదే ఏడాది 'స్త్రీ ధర్మనీతి' రాసింది. 1886లో ఆనందీబాయి జోషి అమెరికాలో డాక్టరు పట్టా పుచ్చుకుంది. ఆ గాలి తగిలే చోట కూర్చుని, వేరు వేరు భాషల్లో చెదిరి ఉన్న ఆడవాళ్ల కథల్ని ఏరి తెలుగులోకి తెచ్చింది అచ్చమాంబ. స్త్రీలకి దేశం నిండా ఒక వంశవృక్షం ఉందని, అది మగవాళ్ల వంశవృక్షాల్లా ఒక కులానికో ఒక ప్రాంతానికో పరిమితం కాదని ఆ ఏరికలోనే ఒక భావన ఉంది.

ఆ పుస్తకం పీఠికలో తన ఉద్దేశాలు మూడని ఆమె చెప్పింది. స్త్రీలు బలహీనులు, బుద్ధి లేనివాళ్లు, వివేకం లేనివాళ్లు అనేవాళ్ల మాట తప్పని చూపడం మొదటిది. చదువూ స్వాతంత్ర్యమూ ఇస్తే ఆడవాళ్లు చెడిపోతారు, సంసారాలు కూలిపోతాయి అనేవాళ్లకి, అవి మేలే చేస్తాయి తప్ప కీడు చేయవని చూపడం రెండోది. తన అక్కచెల్లెళ్లకి చదువుకోడానికి మంచి విషయం అందించడం మూడోది. ఈ మూడూ కలిపి చూస్తే ఇది నీతి కథల సంపుటం కాదని తెలుస్తుంది. ఇది ఒక కేసు. ఎదుటి పక్షం ఆరోపణలు రాసుకుని, ఒక్కోదానికీ సాక్షుల్ని ప్రవేశపెట్టిన వాదన.

ఆ దృష్టితో చూస్తే శీర్షికలోని 'అబల' కూడా వేరుగా కనిపిస్తుంది. అబలలు కారని నిరూపించే పుస్తకానికి అబల అనే పేరేమిటని మనలో చాలామందికి చికాకు. ఆ రోజుల్లో స్త్రీల కోసం వచ్చిన పత్రికల పేర్లు 'సతీహితబోధిని', 'హిందూసుందరి', 'సావిత్రి'. సతి, సుందరి, సావిత్రి, అబల. కాలం ఇచ్చిన మాటలు ఇవే. వాటిలో అచ్చమాంబ తీసుకున్నది అభియోగం ఉన్న మాట. తక్కినవి పొగడ్తలు. పొగడ్తతో వాదించడం కష్టం. అభియోగాన్నయితే అట్ట మీద రాసి, లోపలి పేజీల్లో కొట్టేయొచ్చు. ఆమె అంత ఆలోచించే ఆ పేరు పెట్టిందని నేను వాదించను. కానీ పుస్తకం చేసే పని మాత్రం అదే.

నాకు అసలు ఇబ్బంది రెండో మాటతో. 'సచ్చరిత్ర'. మంచి నడత గల స్త్రీల చరిత్ర. స్త్రీ విద్యని వ్యతిరేకించేవాళ్లు నడత మీదే దెబ్బ కొడుతున్నారు కాబట్టి ఆమె నడతనే కవచంగా తొడుక్కుంది. చదువుకున్న స్త్రీ, రాజ్యమేలిన స్త్రీ, యుద్ధం చేసిన స్త్రీ, వీళ్లంతా సచ్చరిత్రలే చూడండి అంది. ఆ కాలానికి అది బలమైన ఎత్తుగడ. దానికి కట్టాల్సిన మూల్యం కూడా ఉంది. తూకపు రాయి ఎదుటివాళ్లదే అయిపోయింది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో 'రాధికాసాంత్వనం' రాసిన ముద్దుపళనికి ఈ తూకంలో ఎక్కడ చోటు దొరుకుతుంది? స్త్రీ విద్య కోసం అంత పోరాడిన వీరేశలింగమే ఆమెని ఈసడించాడు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పరిష్కరించి అచ్చువేయిస్తే, మరుసటి ఏడాదే ప్రభుత్వం నిషేధించింది. 1947లో గానీ ఆ నిషేధం తొలగలేదు. స్త్రీల చరిత్రకి తలుపు తీసిన సంస్కరణ యుగం ఆ తలుపు దగ్గరే ఒక కాపలాదారుని కూడా నిలబెట్టింది. కాపలాదారు పేరు 'సత్'. బయట ఆగిపోయిన వాళ్లలో దేవదాసీలున్నారు, కూలి చేసుకునే ఆడవాళ్లున్నారు, నడత గురించి ఎవరూ అడగను కూడా అడగని కులాల ఆడవాళ్లున్నారు.

ఇక 'రత్నమాల'. ముప్పైకి పైగా స్త్రీల జీవితాల్ని వరసగా గుచ్చిన దండ. ఉదాహరణలు చూపి వాదించడంలో ఒక లాభం, ఒక చిక్కు ఉన్నాయి. ఆడవాళ్లకి బుద్ధి ఉండదు అన్నవాడి నోరు మూయించడానికి ఒక్క బుద్ధిమంతురాలు చాలు. కానీ వాడు వెంటనే, ఆమె సరే, ఆమె రత్నం, తక్కినవాళ్ల సంగతేమిటి అంటాడు. రత్నాలు ఎన్ని పెరిగితే రాళ్లు అన్ని ఎక్కువ కనబడతాయి. ఆడవాళ్లకి సామర్థ్యం ఉందని రత్నమాల రుజువు చేయగలదు. కోట్ల మంది ఆడవాళ్లలో ఆ సామర్థ్యాన్ని ఎవరు, ఎక్కడ, ఏ పద్ధతిలో తొక్కిపెట్టారో చెప్పడానికి దండ సరిపోదు. దానికి సింహాసనం వదిలి వంటింట్లోకి రావాలి.

అయితే ఈ పుస్తకంలోనే ఒక చోట దండ తెగుతుంది. ఖనా కథ దగ్గర. 1991లో సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో వచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటంలో అచ్చమాంబ రచనగా తీసుకున్నది కూడా దీన్నే. ఆ ఎంపిక ఎంత సరైనదో నాకు చదివిన కొద్దీ అర్థమవుతోంది.

ఖనా బెంగాలీ జనశ్రుతిలోని జ్యోతిశ్శాస్త్రవేత్త. ప్రచారంలో ఉన్న కథ ప్రకారం ఆమె మిహిరుడి భార్య, వరాహుడి కోడలు. మామ విక్రమాదిత్యుడి ఆస్థానంలో నవరత్నాల్లో ఒకడు. ఆకాశంలో నక్షత్రాల లెక్క చెప్పమని రాజు అడిగితే మామకి తోచలేదు. కోడలు చెప్పింది. రాజు ముచ్చటపడి ఆమెని సభకి పిలిపించి పదో రత్నంగా చేర్చుకుంటానన్నాడు. ఇంటి పరువు పోతుందనుకున్నాడు మామ. నాలుక కోసెయ్యమని కొడుక్కి చెప్పాడు. కొడుకు తండ్రి మాట జవదాటలేదు. వానల గురించీ, పంటల గురించీ, అరటి మొక్కలు నాటే పద్ధతి గురించీ ఆమె చెప్పినవని అనుకునే 'ఖనార్ బచన్' మాత్రం బెంగాల్ రైతుల నోళ్లలో ఈ నాటికీ మిగిలాయి.

పండితులు దీన్ని ఐతిహ్యం అంటారు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడికీ ఈ కథకీ శాస్త్రీయంగా ముడి వేయలేమంటారు. నిజమే. కానీ శాసనాలు వేయించినవాళ్లూ, తాళపత్రాలు రాయించినవాళ్లూ మగవాళ్లయినప్పుడు ఆడవాళ్ల చరిత్రకి దస్తావేజు ఎక్కడ దొరుకుతుంది? జనం నోట్లో దొరుకుతుంది. ఖనా అనే మనిషి ఉందో లేదో గానీ, చదువుకున్న కోడల్ని చూసి మామ భయపడిన ఇల్లు ఉంది. ఆ ఇల్లు ఐతిహ్యం కాదు. ఖనాని ఒక చారిత్రక స్త్రీగా తన పుస్తకంలో నిలబెట్టడంలో అచ్చమాంబ ఆ ఇంటిని కూడా చరిత్రలోకి తెచ్చింది.

పీఠికలోని రెండో ఉద్దేశం ఒకసారి గుర్తు చేసుకుందాం. చదువు వల్ల సంసారానికి కీడు లేదు అని చూపడం. ఖనా కథ దానికి సాక్ష్యమా? ఖనా చదువు ఎవరికీ కీడు చేయలేదు. మామ పరువు కాపాడే జవాబు కూడా ఆమే చెప్పింది. కీడు జరిగింది ఆమెకి. చేసింది సంసారం. చదువు ఇంటిని కూల్చలేదు, ఇల్లు చదువుని కోసేసింది. పీఠిక ఎంత మర్యాదగా, ఎంత ఒప్పించే ధోరణిలో మాట్లాడినా, లోపలి సాక్ష్యం దాన్ని దాటి ముందుకు వెళ్లిపోయింది. స్త్రీ విద్యకి అడ్డం స్త్రీ బుద్ధిలో లేదు, స్త్రీ నడతలో లేదు, కుటుంబంలోని అధికారంలో ఉంది అని ఆ కథ చెబుతుంది. పితృస్వామ్యం అనే మాట అప్పటికి తెలుగులో లేదు. మాట లేకపోయినా ఆ వస్తువు అచ్చమాంబ పుస్తకంలో ఉంది.

ఇంకొకటి. ఖనా పదో రత్నం కాబోయింది. ఆ కారణంగానే నాలుక పోయింది. నవరత్నాల సభలో దక్కని స్థానం ఆమెకి అచ్చమాంబ రత్నమాలలో దక్కింది. ఇందాక రత్నం అనే మాట మీద కోప్పడ్డాను గానీ, ఈ ఒక్క చోట ఆ మాట పూర్తిగా సార్థకమైంది.

ఖనా రాణి కాదు, కోడలు. అందుకే ఈ కథ అచ్చమాంబ రచనలో రెండు పాయల్ని కలుపుతుందని నేననుకుంటున్నాను. ఒక పాయ రత్నమాల. రెండో పాయ 1898 నుంచి 1904 దాకా ఆమె పత్రికల్లో రాసిన కథలు. 'ధనత్రయోదశి'లో భర్త అక్రమంగా తెచ్చిన సొమ్ముని ముట్టనని, తిరిగి ఇచ్చెయ్యమని పేద ఇల్లాలు నిలబడుతుంది. ఆమె పేరు ఏ చరిత్రలోనూ ఎక్కదు. 'స్త్రీవిద్య' అనే కథ మొత్తం భార్యాభర్తల సంభాషణ. భార్య చదువుకోవాలా వద్దా అన్నదే విషయం. 'దంపతుల ప్రథమ కలహము' పేరులోనే ఇల్లు ఉంది, గొడవ ఉంది. వీటిని కేవలం కథలుగా చదివి, శిల్పం ఉందా లేదా, ముగింపు కుదిరిందా లేదా అని మార్కులు వేస్తూ వచ్చాం. నాకైతే ఇవి రత్నమాలలో చోటు దొరకని చరిత్రలా అనిపిస్తాయి. పేరున్న స్త్రీలకి ఆమె చరిత్ర రాసింది. పేరు లేని స్త్రీలకి చరిత్ర రాయడానికి ఆధారాలు లేవు కాబట్టి కథ రాసింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే గానీ ఆమె పని మొత్తం కనబడదు. ఒకదాన్ని చరిత్ర శాఖకీ, ఇంకోదాన్ని కథానికా చరిత్రకీ పంచేస్తే ఆమె సగం సగం మనిషిగా మిగులుతుంది.

కథల్లోని ఆడవాళ్లు కూడా 'సత్' గీత దాటలేదు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, దాటలేదు. ధనత్రయోదశి ఇల్లాలు పతివ్రతే. కానీ ఆమె మంచితనం భర్త మాట వినడంలో లేదు, వినకపోవడంలో ఉంది. గీత లోపలే నిలబడి గీతని కొంచెం జరిపింది. సంస్కరణ కాలపు రచయిత్రుల్ని చదివేటప్పుడు ఈ జరపడాన్ని గమనించకపోతే వాళ్లంతా మనకి ఒకేలా, ఛాందసంగా కనిపిస్తారు.

అచ్చమాంబ తలపెట్టిన మిగతా రెండు భాగాలు పూర్తి కాలేదు. వేద పురాణ కాలపు స్త్రీలకి ఒకటి, విదేశీ స్త్రీలకి ఒకటి అని ఆమె అనుకుంది. ఆమె ఆలోచనలో కూడా మూడో భాగం తర్వాత నాలుగోది లేదు. ఆ నాలుగో భాగం రాయడానికి తెలుగు స్త్రీలకి ఎనభై అయిదేళ్లు పట్టింది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' అదేనని నా ఉద్దేశం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, వాళ్ల నోటి మాటనే చరిత్రగా రాసుకున్నారు. అచ్చమాంబకి ఐతిహ్యంలో దొరికిన నోటి మాట ఇక్కడ ఎదురుగా కూర్చుని మాట్లాడింది. ఆ ఉద్యమం తమని ఎలా వాడుకుందో, పోరాటం అయిపోయాక వెనక్కి ఇళ్లలోకి ఎలా పంపిందో వాళ్లు చెప్పారు. పుస్తకాల పేర్లు చూడండి. ఒకప్పుడు 'అబల', ఇప్పుడు 'మన'. ఒకరి గురించి ఇంకొకరు పెట్టే పేరు పోయి తమ గురించి తాము చెప్పుకునే మాట వచ్చింది.

ఆ 'మన'లో ఎవరున్నారు అన్న ప్రశ్న కూడా త్వరలోనే వచ్చింది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన దలిత స్త్రీల సాహిత్య సంకలనం 'నల్లపొద్దు' ఆ ప్రశ్నే. రత్నమాల గడప దగ్గర ఆగిపోయినవాళ్లు ఈసారి లోపలికి రానివ్వమని అడగలేదు. తమ గడప తామే కట్టుకున్నారు. స్త్రీల చరిత్ర రచన ఒకే దారిలో సాగిన కథ కాదని, ప్రతి సంకలనం వెనక బయట మిగిలినవాళ్ల జాబితా ఒకటి ఉంటుందని స్త్రీవాదులమైన మనం అచ్చమాంబకి చెప్పే ముందు మనకి మనం చెప్పుకోవాలి.

ఎందుకంటే రత్నమాల ఇంకా అయిపోలేదు. ప్రతి ఏడాదీ మార్చి 8 వచ్చేసరికి పత్రికల ప్రత్యేక సంచికల్లో దండలు గుచ్చుతూనే ఉన్నారు. తొలి మహిళా పైలట్, తొలి మహిళా కలెక్టరు, తొలి మహిళా ఇంజనీరు. విద్యార్థినులు వాటిని కత్తిరించి నోటీసు బోర్డులకి అతికిస్తారు. ఆ జాబితాలు చూసినప్పుడల్లా నాకు అచ్చమాంబ మీద గౌరవం పెరుగుతుంది. ఆమె దండ వెనక ఒక వాదన ఉంది, ఎదురుగా ఒక ప్రత్యర్థి ఉన్నాడు. మన జాబితాల ఎదురుగా ఎవరూ లేరు. అందరూ చప్పట్లు కొట్టేవాళ్లే. విజయం సాధించిన స్త్రీలని లెక్కపెట్టి, ఎవరి నాలుకలు ఎక్కడ తెగాయో అడగని చరిత్ర ఎవరికీ ఇబ్బంది కలిగించదు. ఆ ఇబ్బంది లేనితనమే నాకు ఇబ్బంది.

అచ్చమాంబని తొలి కథకురాలిగా పాఠ్యపుస్తకాల్లో చేర్చమని మనం అడుగుతున్నాం. చేరిస్తే సంతోషమే. దానితో పాటు రత్నమాలనీ కథల్నీ కలిపి, పీఠికతో సహా, సరైన వివరణలతో విద్యార్థుల చేతికి అందించే పని ఒకటి ఉంది. ఆమె వాదన ఏమిటో, దాని హద్దు ఎక్కడో, ఖనా దగ్గర ఆ హద్దు ఎలా చిట్లిందో వాళ్లే చదివి తేల్చుకుంటారు. ముప్పై ఏళ్లు బతికి, అందులో పదేళ్లకే పెళ్లి కూతురై, బడి మొహం చూడకుండా అయిదారు భాషలు నేర్చి వెయ్యేళ్ల ఆడవాళ్లని వెతికి పట్టుకున్న మనిషి ఆమె. ఆమెని మనం తొలి, మలి అనే వరసలో నిలబెట్టి దండ వేసి వదిలేస్తే, ఆమె మీద కూడా రత్నం అని ముద్ర వేసి పెట్టెలో పెట్టినట్టే. పెట్టెలో ఉన్న రత్నం మాట్లాడదు. ఆమె పుస్తకం ఇంకా మాట్లాడుతోంది.